స్ట్రోలర్‌లో బియ్యం

మొన్న మా అమ్మాయి డ్రైవింగ్ లైసెన్స్ పోస్టులో వచ్చింది. పదహారేళ్ల పిల్ల, కవరు చింపి ఫోటో చూసుకుని మురిసిపోతూ కార్డు నా చేతికిచ్చింది. నేను ఫోటో చూడలేదు. నా కళ్లు నేరుగా ఎక్స్‌పైరీ డేట్ మీదికి పోయాయి. అక్కడ ఉన్నది దాని పద్దెనిమిదో పుట్టినరోజు. "అమ్మా, ఫోటో చూడు. డేట్ ఎందుకు చూస్తున్నావ్?" అంది. అలవాటు అన్నాను. ఆ అలవాటు ఎక్కడిదో చెప్పాలంటే, దానికి నాలుగేళ్లప్పటి ఒక ఎండాకాలం దగ్గరికి వెళ్లాలి.

అప్పట్లో అమెరికాలో, ఫ్రిస్కో అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆయన లైసెన్స్ మీదా నా లైసెన్స్ మీదా ఉన్నది వీసా గడువు తేదీయే. పాల డబ్బా మీద తేదీ చూడందే బుట్టలో వేయని మనుషులం, ఇది మాత్రం ఇద్దరమూ చూసుకోలేదు. వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశాం కదా అని నిశ్చింతగా ఉన్నాం. తీరా చూస్తే, ఆ తేదీతోనే మా లైసెన్సులూ చెల్లకుండా పోయాయి. ఎక్స్‌టెన్షన్ పేపర్లు పెండింగ్‌లో ఉన్నంతకాలం ఆయన ఉద్యోగం చేసుకోవచ్చట గానీ, ఆ ఉద్యోగానికి కారు నడుపుకుంటూ వెళ్లకూడదట. పేపర్లు రాకపోతే అసలు దేశంలోనే ఉండకూడదు. ఆయన్ని ఒక కొలీగ్ ఆఫీస్‌కి తీసుకువెళ్లేవాడు. కారు పార్కింగ్‌లో దుమ్ము కొట్టుకుపోయింది. పాలకీ, బియ్యానికీ, మందులకీ నేనూ పిల్లా కాలినడకన బయల్దేరాం.

ఇండియన్ స్టోర్ మైలున్నర దూరం. ఆ ఊళ్లో మైలున్నర నడిచే మనిషి కనిపిస్తే కార్లు స్లో అవుతాయి. సగం దూరం ఫుట్‌పాత్ ఉండేది. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా ఆగిపోయేది, ఇక గడ్డిలో నడకే. ఆరు లేన్ల రోడ్డు దగ్గర బటన్ నొక్కి నిలబడితే నడిచే తెల్ల బొమ్మ వెలిగేది, సగం దాటేసరికి ఆగమనే ఎర్ర చెయ్యి బొమ్మ మినుకుమనేది. దానికి భయపడి పరిగెత్తడం మొదటి వారంతోనే మానేశాను. ఒక పెద్దాయన కారాపి, కారు చెడిపోయిందా అని అడిగాడు. లేదండీ, కూరలకి వెళ్తున్నాం అంటే నమ్మలేదు. వచ్చేటప్పుడు ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, పిల్లని కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్ ఎక్కేది, బెల్టు కూడా పెట్టేదాన్ని. పిల్ల పక్కన నడిచేది. పాపాయిని ముద్దు చేద్దామని వంగినవాళ్లకి సోనా మసూరి కనిపించేది.

పక్క అపార్ట్‌మెంట్‌లో వరంగల్ వైపు అక్క ఒకామె ఉండేది. మంచి మనిషే, ఆ మాట ముందే చెప్పాలి. మొదట్లో రెండు మూడుసార్లు ఆమె కారెక్కాను. బెల్టు పెట్టుకునేలోపే మొదలయ్యేది. "పేపర్లు ఇంక రాలేదా చెల్లె? మా తమ్మునికైతే డినై అయింది. సామానంత అమ్ముకొని పోయిన్రు." అది విన్నాక రెండు రోజులు అన్నం సహించేది కాదు. మూడోసారి నాకు ఒళ్లు మండింది. మైలున్నర రైడ్ కోసం నా భయాన్ని విప్పి ఒకరికి చూపించాలా? ఈ దేశంలో ఉంటామో పోతామో నా చేతుల్లో లేదు, కూరలు తెచ్చుకోవడం నా కాళ్లలో ఉంది. ఇక ఎవరి కారూ ఎక్కకూడదనుకున్నాను.

జులైలో ఒక మధ్యాహ్నం స్టోర్ నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. అక్క కారు పక్కనే ఆగింది. "ఎక్కుండ్రి చెల్లె, పిల్ల తడుస్తుంది." నా పంతానికి పిల్లెందుకు తడవాలని స్ట్రోలర్ ఆపేశాను, అబద్ధమెందుకు. ఈలోపు పిల్ల తన పూల గొడుగు తీసి బియ్యం మీద పట్టింది. "ఆంటీ, మేము వాక్ చేస్తాం. రైస్ వెట్ అవ్వద్దు, అంతే" అంది. ఆమె మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. మేం తడిసి ముద్దయి ఇల్లు చేరాం. బియ్యం తడవలేదు. పిల్లకి జలుబు కూడా చేయలేదు.

నడక మొదలైన ఐదో నెలలో పేపర్లు వచ్చాయి. కారు కడిగాం. మరుసటి వేసవిలో ఒక పొద్దున అక్క మా తలుపు కొట్టింది, చేతిలో ఖాళీ సంచి. "మా లైసెన్స్ గుడ ఎక్స్‌పైర్ అయింది చెల్లె. దుకాన్‌కి నువ్ ఏ తొవ్వన పోతుంటివి?" నా చెయ్యి గోడకున్న కారు తాళాల దాకా వెళ్లింది. ఎక్కించుకుంటే, నేను నోరు విప్పకపోయినా ఆమెకి పేపర్ల గురించి అడిగినట్టే ఉంటుంది. ఆ సీటు సంగతి నాకు తెలుసు. తాళాలు వదిలేసి చెప్పులు వేసుకున్నాను, స్ట్రోలర్ తీశాను. గడ్డి ఎక్కడ మొదలవుతుందో చూపించాను, ఎర్ర చెయ్యికి పరిగెత్తక్కర్లేదని చెప్పాను. పేపర్ల ఊసు ఎత్తలేదు. వచ్చేటప్పుడు ఆరో లేన్ దాటాక ఆమే అంది, "అప్పుడు నేను గుడ అడుగకుంటే బాగుండు." ఇంటిదాకా బియ్యం తోసింది ఆమే.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కరివేపాకు తెమ్మంటే తాళాలు తీసుకుని, కొత్త కార్డు జేబులో వేసుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్లింది. వెళ్లనీ, దాని కార్డు మీద ఉన్నది దాని పుట్టినరోజు. మేం ఇక్కడ ఉండే కాలానికి మాత్రం చాలా ఏళ్లు ఎవరెవరో తేదీలు వేశారు. ఆ తేదీల కోసం మేం ఇంట్లో కూర్చోలేదు, నడిచాం.