రెండు బద్దల కర్ర

స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మిలాన్ ఊరి సంతలో కోణంగి వేషం కట్టే తొనియోలో అనేవాడికి ఒక అలవాటుంది. నల్లతోలు ముసుగు తగిలించుకునే ముందు, ఆటలో తనను కొట్టే కర్రతో తొడమీద తానే ఒకటి చరుచుకుంటాడు. రెండు పలచటి బద్దలు కలిపి కట్టిన ఆ కర్రకు చప్పుడెక్కువ, దెబ్బ తక్కువ. దాంతో రోజూ అతన్ని బాదేది స్పెయిన్ కెప్టెన్ వేషం వేసే గాస్పరో. ఆ కెప్టెన్‌ని తొనియోలో ఎంత వెక్కిరిస్తే జనం అంత నవ్వుతారు. నిన్న ముందు వరసలో కూర్చున్న అసలు స్పెయిన్ కెప్టెన్ మాత్రం నవ్వలేదు.

ఇవాళ కర్ర కనబడలేదు. గాస్పరోయే పట్టుకెళ్లి ఉంటాడనుకుని తొనియోలో వేదికెక్కాడు. ఎదురుగా కెప్టెన్ వచ్చాడు. అదే పొడుగుముక్కు ముసుగు, అదే ఈకల టోపీ. కాళ్లకు మాత్రం గాస్పరో చిరుగు జోళ్లు లేవు, మెరిసే బూట్లున్నాయి. చేతిలో ఉన్నది ఒంటి దుడ్డుకర్ర.

"మన కర్ర ఏదిరా గాస్పరో?" అన్నాడు తొనియోలో గొంతు తగ్గించి. అవతలివాడు దుడ్డుకర్ర పైకెత్తాడు. తొనియోలో జనం వైపు తిరిగి, "అయ్యా, వీడు మావాడు కాదు! గాస్పరోని ఏం చేశాడో చూడండయ్యా!" అని అరిచాడు.

"చూడవే, ఇవాళెంత బాగా భయపడుతున్నాడో!" అని పక్కామెతో అంటూ చేపలమ్మే బెనెదెత్తా కడుపు పట్టుకుని నవ్వింది.

మొదటి దెబ్బకు రోజూ వచ్చే చప్పుడు రాలేదు. తొనియోలో కెవ్వుమన్నాడు. సంతంతా పడీపడీ నవ్వింది.