బియ్యప్పిండితో గీసిన రగ్బీ మైదానం

పోయిన నెల మా అమ్మాయి నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, ముందు రోడ్డు మూసేశారని ఫోన్‌లో దారి చెప్పే ఆ గొంతు మమ్మల్ని నది పక్క దారిలోకి తిప్పింది. నేను ఆ వైపు వెళ్ళి దగ్గర దగ్గర నలభై ఏళ్ళయింది. వంతెన దిగగానే ఎడమ చేతి వైపు ఒక్క కిటికీ కూడా లేని పొడవాటి గోడ, దాని ముందు బారులు తీరిన ట్రక్కులు కనపడేసరికి నాకు తెలియకుండానే "ఆపు, ఆపు" అని అరిచేశాను. పిల్ల హడలిపోయి కారు పక్కకి తీసింది.

"ఏమైంది అమ్మా? ఆర్ యూ ఓకే?"

ఏమీ కాలేదే, ఇక్కడ మా గ్రౌండ్ ఉండేది అన్నాను. "ఇక్కడ ఏం ఉంది అమ్మా, జస్ట్ వేర్‌హౌస్ కదా" అంది. దాని తప్పేం లేదు, అప్పటికి అది పుట్టనేలేదు. కానీ నేనా గోడ వైపు చూస్తున్నంతసేపూ నాకు గోడ కనపడలేదు, నది వైపుకి వాలిపోయిన గడ్డి నేల, మిల్లు పైపులతో అతికించిన రెండు జతల గోల్ పోస్టులు, రేకుల షెడ్డు, అందులో ఆవిరి కక్కే టీ డబ్బా కనపడ్డాయి. ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాస. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

డెబ్బైల చివర ఈ దేశం వచ్చినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, ఒక తెలుగు మొహం చూడాలంటే గంటసేపు కారులో వెళ్ళాలి, మాకా కారే లేదు. అందరూ అనుకున్నట్టు మా ఆయన డాక్టరూ కాదు, సైంటిస్టూ కాదు, న్యూజెర్సీలో ఒక ఉన్ని మిల్లులో మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. నా చదువు పదో తరగతితో సరి. నోరు మాత్రం ఊరుకునేది కాదు, వచ్చీరాని ఇంగ్లీషులోనే పోస్టుమాన్‌తో, బస్సు డ్రైవరుతో, చెత్త బండివాడితో కూడా కబుర్లు పెట్టేదాన్ని. మా పక్క వాటాలో ఇంగ్లండు నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆయన మా మిల్లులోనే ఫోర్‌మన్, ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్దది, నన్ను పేరు పెట్టి పిలవకుండా "లవ్" అని పిలిచేది. మొదట్లో నాకు సిగ్గుతో చెవులు వేడెక్కేవి. వాళ్ళ ఊళ్ళో కూరగాయల కొట్టువాణ్ణి కూడా అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది.

ఆ ఫోర్‌మన్‌కి రగ్బీ పిచ్చి. అందులోనూ పదిహేను మంది ఆడేది కాదు, వాళ్ళ మిల్లు ఊళ్ళలో ఆడుకునే పదమూడు మంది ఆట. అమెరికాలో దాని పేరు విన్నవాళ్ళే తక్కువ. ఆయన మిల్లులో ఉన్న ఇంగ్లీషువాళ్ళని, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒకరిద్దరిని, తన మాట వినే అమెరికన్లు ఎవరైతే వాళ్ళని పోగేసి జట్టు కట్టాడు. ఒక ఆదివారం పన్నెండు మందే వచ్చారు. చూడ్డానికని వెళ్ళిన మా ఆయన్ని చొక్కా మార్చి, అంచున నిలబెట్టి, బంతి వస్తే పరిగెత్తు అన్నారు. పాపం ఆయనకి ఆట ముక్క తెలియదు. నాకు మాత్రం అయిదు నిమిషాల్లో అర్థమైపోయింది, ఎందుకంటే మా అన్నయ్యలు చెడుగుడు ఆడుతుంటే చూస్తూ పెరిగినదాన్ని. ఇదీ అంతే, చేతిలో బంతి ఒకటి ఎక్కువ, కూత ఒకటి తక్కువ. పట్టుకుని పడేస్తే లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టాలి, అలా ఆరుసార్లు అయ్యాక బంతి అవతలివాళ్ళది. నేను గట్టు మీద నుంచి "ఏమండీ, లోపలికి కాదు, గీత పక్కనే పొండి" అని తెలుగులో అరిచాను. ఆయన అలాగే పోయారు, మూడు పాయింట్లు తెచ్చిపెట్టారు కూడా. అంతే, ఇక ప్రతి ఆదివారం మాకు అదే ఊరు, అదే బంధుబలగం. మా ఆయన ఇప్పటికీ వాన పట్టి మోకాలు లాగితే ఆ గ్రౌండునే తిడతారు, ఆ తిట్టులోనూ ఎంతో ముద్దు ఉంటుంది.

వేరే గ్రౌండ్లకీ వెళ్ళేవాళ్ళం లెండి. పెన్సిల్వేనియాలో ఒకటి రైలు పట్టాల పక్కనే, గూడ్సు బండి వస్తే చప్పుడికి విజిల్ వినపడక ఆట ఆపేసి అందరూ డబ్బాలు లెక్కపెట్టేవారు. ఇంకో చోట ఒక బడి వెనక, సరిగ్గా మూలలో మేపుల్ చెట్టు, ఆ చెట్టుని తాకితే బంతి బయటికి పోయినట్టే అని వాళ్ళ చట్టం. ఏవీ ఇప్పుడు లేవట. కానీ మాది మాదే కదా.

ఎనభైల మొదట్లో ఒక వసంతకాలం టౌన్ పార్కుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ స్థలం వాళ్ళది. పక్కనున్న కంపెనీ ట్రక్కులు పెట్టుకోవడానికి దాన్ని అడుగుతోందట, అక్కడ ఆట అనేదే లేదు, వట్టి బీడు అని చెప్పిందట. ఆదివారం పదకొండింటికి ఆఫీసరు వచ్చి చూస్తాడు, అది నిజంగా ఆడే మైదానంలా ఉంటే మూడేళ్ళ అనుమతి, లేకపోతే గేటుకి తాళం. ఉత్తరం చదివి ఫోర్‌మన్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన భార్య నాతో, "ఇది పోతే ఈయన ఇంక మిల్లుకి, మంచానికి మధ్య తిరిగే మనిషైపోతాడు, లవ్" అంది. మా ఆయన సంగతి, నా సంగతి నేను పైకి అనలేదు. ఆ నేల పోతే ఈ ఊళ్ళో మా పేరు తెలిసినవాళ్ళు ఎవరూ మిగలరని నాకు బాగా తెలుసు.

శనివారం మధ్యాహ్నం అందరం చేరాం. గడ్డి కోశారు, పోస్టులకి తెల్లరంగు వేశారు. గీతలు వేద్దామని షెడ్డు తెరిస్తే, కప్పు కారి, సున్నం బస్తాలు తడిసి ఎండి బండరాళ్ళయి కూర్చున్నాయి. కొట్టు మూసేలోపు వెళ్ళి కొత్త బస్తాలు తెస్తానని ఫోర్‌మన్ తాళాలు తీసుకున్నాడు. అప్పుడు వద్దన్నది నేనే. ఎందుకన్నానంటే, అంతమంది మొగాళ్ళలో ఒక్కరికీ చేతకాని పని నాకొకటి వచ్చు, అది చూపించే అవకాశం ఈ దేశంలో నాకు అదే మొదటిసారి. మా వైపు నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి, మూడు నెలలకోసారి న్యూయార్క్‌లో చైనావాళ్ళ కొట్టు నుంచి బియ్యప్పిండి బస్తాలుగా తెప్పించుకునేవాళ్ళం. మా బేస్‌మెంటు పొడిగా ఉంటుందని అందరి బస్తాలూ మా దగ్గరే. వాటిని ఫోర్‌మన్ ట్రక్కులో వేయించి తెచ్చాను.

ఈ చివర మేకు, ఆ చివర మేకు, మధ్యలో తాడు. తాడు వెంట వంగి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య నుంచి పిండి వదులుకుంటూ వెనక్కి నడిచాను. పొడుగు గీతలు, అడ్డ గీతలు, గోల్ గీతలు, నడిమి గీత. ఆటగాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని నా వెంట నడిచారు. ఒకడు తనూ వేస్తానని పట్టుకుంటే గుప్పెడంతా ఒకేచోట కుప్ప పడింది, అందరూ వాణ్ణి ఏడిపించారు. గర్వం తలకెక్కి, గ్రౌండు నట్టనడుమ ఎనిమిది రేకుల పద్మం కూడా వేశాను. పొద్దు వాలుతుంటే గట్టెక్కి చూస్తే పచ్చటి నేల మీద తెల్లగా, తీరుగా, కంటికి నిండుగా ఉంది. నడుం పట్టేసింది కానీ నేలమీద నిలవలేదు నేను.

ఆదివారం ఏడింటికి వెళ్ళేసరికి గీతలు లేవు.

ఒక్క గీత లేదు. గోల్ గీత ఉండాల్సినచోట కెనడా బాతులు బారుగా నిలబడి తీరిగ్గా పిండి పొడుచుకు తింటున్నాయి. అటు పిచ్చుకలు, ఇటు ఉడతలు. మిగిలినచోట మంచుకి తడిసి, చీమలు పట్టి, పద్మంలో ఒకటిన్నర రేకు మిగిలింది. మా అమ్మమ్మ రోజూ ముగ్గు వేస్తూ, ఇది ఇంటి అందానికి కాదే, చీమకీ పిట్టకీ తిండి అనేది. పదిహేనేళ్ళు విన్నాను ఆ మాట. విన్నదాన్ని, బుర్రకెక్కించుకోలేదు.

"ఊరి పక్షులన్నిటికీ సంతర్పణ చేశావన్నమాట. తాంబూలాలు కూడా ఇచ్చి పంపాల్సింది" అన్నారు మా ఆయన.

"మీరు నవ్వారంటే ఆ బాతులతో పాటు మిమ్మల్నీ తరుముతాను" అన్నాను. నిజానికి నవ్వు కాదు, ఏడుపు వస్తోంది. కొట్టుకి వెళ్దామంటే మా కౌంటీలో ఆదివారం కొట్లు తెరవకూడదని చట్టం. ఫోర్‌మన్ భార్య నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే లవ్, నువ్వు చేయగలిగింది చేశావు" అంది. ఆ ఓదార్పు నాకు ముల్లులా గుచ్చుకుంది. చేయగలిగింది ఇంకా అవలేదు అనిపించింది.

షెడ్డులో ఆ సున్నం బండలు ఉన్నాయిగా. మా ఇళ్ళల్లో పండగకి గోడలకి వెల్ల వేయడానికి రాయి సున్నం నీళ్ళల్లో కలిపి, గుడ్డలో వడకట్టడం నేను చూడనిదా? "సుత్తులు ఎన్ని ఉన్నాయి?" అని అడిగాను. ఎవరికీ అర్థం కాలేదు. "హామర్స్, హామర్స్! మిల్లు నుంచి పట్రండి!" అని అరిచాను. పదమూడు మంది జెర్సీలు వేసుకున్న మొగాళ్ళు వరసగా కూర్చుని సున్నం కొట్టారండీ. టీ డబ్బా చల్లారకుండా చుట్టిన నా పాత నూలు చీర విప్పి, రెండు కొంగులూ ఇద్దరు పట్టుకుంటే, బకెట్లో పొడి కలిపి వడకట్టాను. గుడ్డలు, మాప్‌లు, చీపుళ్ళు, ఏది దొరికితే అది ముంచి తాడు వెంట పూశాం. చేతులు భగ్గుమన్నాయి. ఆవిడ ఆపు ఆపు అంటూనే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రెండో గీత పూసింది.

పదిన్నరకే ఆఫీసరు కారు దిగాడు. అప్పటికి సగం గ్రౌండే అయింది. నేను ఆవిడ చెవిలో, "ఆయనకి టీ ఇవ్వండి, చాలా వేడిగా ఇవ్వండి" అన్నాను. ఇంగ్లీషువాళ్ళ టీ తాగడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసుగా. ఫోర్‌మన్ ఆయనకి ఈ వైపు పోస్టులు చూపించి, వాటి పైపులు ఏ మగ్గం నుంచి వచ్చాయో, ఆ మగ్గం ఏ ఊరి నుంచి వచ్చిందో మొత్తం చరిత్ర చెప్తుంటే, ఆ వైపు మేం పన్నెండు మందిమి పరుగు పరుగున పూస్తున్నాం. ఆయన నడుచుకుంటూ ఆ చివరికి వచ్చేసరికి ఆఖరి మూల తడి తడిగా మెరుస్తోంది. ఆయన బూటు తెల్లబడింది. ఒకసారి బూటు చూసుకుని, ఒకసారి మోచేతుల దాకా తెల్లగా ఉన్న నన్ను చూశాడు.

"ఆ మూల గీత కొంచెం వంకరగా ఉంది, మేడమ్" అన్నాడు.

"నేల వంకర సార్. గీత స్ట్రెయిట్" అన్నాను నా ఇంగ్లీషులో.

ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. ఆఫీసరు మాత్రం తల వంచి, నది వైపు వాలు చూసి, అవునన్నట్టు తలాడించి, కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. ఆ రోజు మ్యాచ్ ఘోరంగా ఓడిపోయాం, ఎవరికీ పట్టలేదు. ఆట అయ్యాక చూస్తే రెండు జట్లవాళ్ళ మోకాళ్ళూ తెల్లగా ఉన్నాయి. వారం రోజులు నా చేతులకి ఆవిడే కొబ్బరినూనె రాసింది. మిగతా మూడు కుటుంబాలవాళ్ళూ మూడు నెలలు జంతికలు లేకుండా గడిపి, ఆ మాట అంటూ నన్ను పదేళ్ళు దెప్పారు.

మూడేళ్ళ అనుమతి ఒకసారి పొడిగించారు కూడా. తర్వాత మిల్లు మూతపడింది. ఫోర్‌మన్ దంపతులు ఫ్లోరిడా వెళ్ళిపోయారు, మా ఆయనకి వేరే ఊళ్ళో పని దొరికింది. నది పక్క నేలంతా కలిపి అమ్మేశారని మాకు ఎవరో ఫోన్లో చెప్పారు. ఈసారి ఉత్తరం రాలేదు, చూడ్డానికి ఆఫీసరు రాలేదు, ఫలానా రోజు ఫలానా టైముకి సిద్ధంగా ఉండమని ఎవరూ అనలేదు. అని ఉంటే ఎంత దూరం నుంచైనా వచ్చి ఉండేదాన్ని, చేతులు కాలినా సరే.

ఇప్పుడూ అంతే, ఏదైనా పోతున్నప్పుడు మనకి తెలియదు, పోయాక దారి తప్పి అటు వెళ్తే కనపడుతుంది. ఎవరితో పోట్లాడాలో తెలియదు, ఎవరికి టీ ఇచ్చి ఆపాలో తెలియదు. ఆ రోజు మాకు చదువు లేదు, భాష లేదు, ఆ నేల మాది కూడా కాదు, కానీ దాన్ని నిలబెట్టుకోవడానికి మా చేతులకి ఒక పని దొరికింది. అలాంటి పని దొరకడం ఎంత అదృష్టమో అప్పుడు తెలియలేదు.