తొంభయ్యో రోజు దాకా

అది 2008. సూర్యాపేటలో ఒక దవాఖానలో హెచ్ఐవీ పరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోజుల లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, రిజిస్టర్ రాస్తూ రాస్తూ అలవాటైంది.

ఒక సోమవారం గరిడేపల్లి నుంచి సంధ్య, ఆమెను చేసుకోబోయే యాదగిరి వచ్చారు. అతను మస్కట్‌లో ఏసీ పనుల సూపర్‌వైజర్. పెళ్లి పన్నెండు రోజుల్లో ఉంది. తర్వాత ఆమె కూడా అక్కడికే వెళ్లాలి. దిగాక రక్తపరీక్ష చేస్తారు, పాజిటివ్ వస్తే వెనక్కి పంపేస్తారు.

"గాడ వోయినంక తెలుసుడెందుకు సార్, గీడనే తెల్వాలె" అని పట్టుబట్టింది సంధ్యే.

ఆమె పరీక్షలో ఏమీ రాలేదు. ఆమెను బయట కూర్చోబెట్టి యాదగిరిని పిలిచాను. జబ్బు సోకే ప్రమాదమున్న కలయిక చివరిసారి ఎప్పుడని అడిగితే నేల చూస్తూ చెప్పాడు.

"ముంబైల దిగిన దినం సార్. దోస్తులతోని పోయిన. ఒక్కపారే."

దిగి ముప్పై రెండు రోజులైంది. రక్తం తీసి చూశాను. నాన్ రియాక్టివ్, అంటే కిట్‌కు ఏమీ దొరకలేదు. అతని ముఖం వెలిగింది.

"బతికిచ్చినవ్ సార్. జర ముద్దరెయ్యి."

"ఆగు తమ్మీ. సోకినా పరీక్షకు దొరకని కాలం ఒకటుంటది. దాన్నే విండో పీరియడ్ అంటరు. మా లెక్కల తొంభై రోజులు. ఇంక యాభై ఎనిమిది రోజులాగి మళ్ల రావాలె."

"అప్పటికి మూఢం సార్, ముహూర్తాలుండయి. అంతా మంచిగుందని ఆమెకు నువ్వే చెప్పు."

"నీ సంగతి నేను చెప్పరాదు. అబద్ధమైతే అసలే చెప్ప."

అతను తలుపు దాకా వెళ్లి ఆగాడు. తర్వాత తనే ఆమెను లోపలికి పిలిచి, ఉన్నదంతా చెప్పాడు. సంధ్య చున్నీ అంచును పిడికిట్లో నలిపింది. ఏడవలేదు.

"గా సంగతి తర్వాత తేలుస్త. ముందు తారీకు తెల్వాలె" అని అతనితో అని, నా వైపు తిరిగింది. "సార్, తొంభై ఎప్పటికి నిండుతయి?"

క్యాలెండర్ మీద చూపించాను. అతని సెలవు నూట ఇరవై రోజులు. ఆ తర్వాత కూడా ముప్పై మిగులుతాయి.

"మూఢంల పెండ్లెవరు జేస్తరే?" అన్నాడు యాదగిరి.

"రిజిస్ట్రార్ ఆఫీసుల మూఢముంటదా? వీసాకు గా కాగితమే గావాలె."

"ముహూర్తం వెట్టిచ్చిన మీ మేనమామ ఊకుంటడా?"

"ఇప్పుడు నేనే వద్దన్ననని చెప్పు. నింద నేనేసుకుంట. నువ్వు మాత్రం తారీకు తప్పకు."

రిజిస్ట్రార్‌కు ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి. అది ఈ యాభై ఎనిమిదిలోనే అయిపోతుందని లెక్క వేసి చెప్పాను.

తొంభయ్యో రోజు ఇద్దరూ వచ్చారు. ఫలితం వచ్చేదాకా ఆమె గోడ మీది క్యాలెండర్ వైపే చూస్తూ కూర్చుంది. నాన్ రియాక్టివ్. రిపోర్టులో తారీకు రెండుసార్లు చదివి మడిచింది.

"సార్ లెక్క అయిపోయింది" అంది యాదగిరితో. "ఇగ నా లెక్క ఉంది. నడువ్."

కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసింది. "సార్, పెండ్లయింది, మస్కట్‌ల పరీక్ష గూడ అయింది. ఫిట్ అన్నరు."

అంతకుముందు రిపోర్టు మీద పరీక్ష తారీకు ఒక్కటే రాసేవాణ్ణి, మళ్లీ ఎప్పుడు రావాలో నోటితో చెప్పి వదిలేసేవాణ్ణి. సంతోషంలో ఉన్నవాడు ఆ మాట వినడని యాదగిరిని చూశాకే తెలిసింది. ఇప్పుడు రెండో తారీకు కూడా రాస్తాను. కాగితం చేతికిచ్చే ముందు వాళ్ల చేతే పైకి చదివిస్తాను.