గాడి అంటే బండి కాదు

మొన్న పత్రికలో "పనులు గాడిన పడ్డాయి" అన్న శీర్షిక చూసి, గాడి అంటే ఏమిటని మనుమరాలు అడిగింది. చెప్పబోయి నవ్వాపుకోలేకపోయాను. ఆ ఒక్క మాట నా చదువును దాదాపు మింగినంత పని చేసింది మరి.

అరవయ్యో సంవత్సరం ప్రాంతం. నకిరేకల్‌కు ఆరు మైళ్ల లోపల మా ఊరు. నాలుగో తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. కోస్తా జిల్లాల నుంచి కొత్తగా ఒక సారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, పుస్తకం చదివినట్టుండే మాట. వచ్చి నెలైనా కాలేదు, అప్పుడే నాలుగు ఉర్దూ ముక్కలు పట్టుబడ్డాయని మురిసిపోయేవారు. ఒకరోజు "పశువులు మేత దేంట్లో తింటాయి?" అని అడిగితే, నేను లేచి "గాడిల సార్" అన్నాను. ఆయన నవ్వేశారు. "గాడీ అంటే బండి కదమ్మా! మీ ఊళ్లో ఎడ్లు బండెక్కి భోంచేస్తాయా?" తరగతంతా గొల్లుమంది. ఇంట్లో రోజూ గాడిలో చొప్ప వేసే పిల్లలే అందరికంటే గట్టిగా నవ్వారు.

మర్నాడు బడికి పోనని మొండికేశాను. బాపుకు కావలసిందీ అదే. "సదివింది సాలు తియ్యి. మ్యాకలెంట పో" అన్నాడు. నాలుగు రోజులు పోయాను. ఐదో రోజు పొద్దున్నే సారు మా వాకిట్లో ప్రత్యక్షమయ్యారు. బాపు కంగారుగా మంచం వాల్చాడు గానీ, బాపును కన్న మా అవ్వ ఆయన్ను కూర్చోనివ్వలేదు. "జర ఇటు రాండ్రి సారూ" అని కొట్టంలోకి తీసుకుపోయింది. గోడ పొడుగునా మట్టితో కట్టి పేడతో అలికిన తొట్టి, ఎడ్ల మెడలు రాసుకుని నున్నబడిన అంచు, తలలు దించి జొన్నచొప్ప నములుతున్న మా జోడెడ్లు. "గిదే గాడి. మా అత్త గట్లనే అన్నది, ఆమె అత్త గట్లనే అన్నది. గిండ్ల నవ్వుడెందుకు బిడ్డా?"

సారు ఎద్దు గంగడోలు నిమిరారు. "నవ్వాల్సిందేం లేదమ్మా. ఇంటికెళ్లి నిఘంటువు తీశాను. పశువులు మేసే చోటు గాడి అనే ఉంది. బండి చక్రాలు పోయిపోయి పడిన గుంతా గాడే. గుంత అనే అర్థంలోంచే రెండూ పుట్టాయేమో, గట్టిగా చెప్పలేను. మా అమ్మ పశువుల కొట్టాన్ని గాటిపాట అంటుంది, అందులో ఉన్నదీ ఈ గాడే. మా ఇంటి మాటేనని గుర్తుపట్టలేకపోయాను." అని నావైపు తిరిగి, "తప్పు నాదేనమ్మా. రేపు వస్తావా?" అన్నారు.

ఒక పెద్దమనిషి చిన్నపిల్లతో తప్పు నాదనడం అంతకుముందు నేను వినలేదు. బాపూ విని ఉండడు. మేకల మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు సారు నల్లబల్ల మీద 'గాడి' అని రాసి, సుద్దముక్క నా చేతికిచ్చి, "నువ్వు చెప్పు, మేం వింటాం" అన్నారు. చెప్పాను. తర్వాత ముప్పై ఏళ్లు సుద్దముక్కతోనే బతికాను.

రెండేళ్లకు ఆయనకు బదిలీ అయింది. మళ్లీ కలవలేదు, ఒక్క దండమైనా పెట్టలేదు. అప్పుడాయనకు ఇరవై మూడో, ఇరవై నాలుగో. నా వయసు దానికి మూడింతలు దాటింది. అయినా తలుచుకున్నప్పుడల్లా ఆయనే పెద్దవారు, నేనింకా నాలుగో తరగతే.