పురుగులింటికి పడని వాసన

నేత్రావతి సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. దాని వాసన మాత్రం ఆమెకు బాగా తెలుసు.

పెనిమిటి మునిశంకర్ నేవీలో ఉండేవాడు. సెలవుకొచ్చి పెట్టె మూత తీస్తే చాలు, ఏ ఊరినుంచి వచ్చినాడో ఆమె ముక్కు చెప్పేసేది. పెండ్లికి ముందు చిలకా ఒడ్డున, కొత్త పిల్లకాయల్ని నావికులుగా తీర్చే చోట ఉన్నప్పుడు, గంజీ బూటుపాలిషూ వాసన కొట్టేవాడని అత్త మునివెంకటమ్మ చెప్పేది. కార్వారు నుంచి వస్తే రంగు వాసన. పెద్ద ఓడలు అక్కడ కొండల చాటున ఆగి, తుప్పు గీకించుకొని, రంగు పూయించుకొని మళ్లీ కాపలాకు పోతాయంట. విశాఖకు మార్చినాక ఇంగ డీజిలే. నీళ్లకింద నక్కి కాపలా కాసే జలాంతర్గాములు అక్కడుంటాయి. వాటి ఇంజన్ల కాడే అతని పని.

"తలుపు తీసి గాలి పీల్చుకునే ఇల్లు కాదు మే అది. తిండిలో డీజిలే, నిద్రలో డీజిలే" అనేవాడు.

బూదికోట పక్కన ఆ ఇంటికి పట్టుపురుగులే ఆధారం. నడింట్లోనే తట్టలు. ఘాటు వాసన సోకితే పురుగు ఆకు ముట్టదు, గూడు కట్టదు. బీడీ తాగినవాణ్ణి కూడా గడప దాటనీయరు. అందుకే మునిశంకర్ వస్తే ముందు పంపుషెడ్డుకు పోవాలి, బట్టలు అక్కడే పడేయాలి, సీకాయతో తల రుద్దుకోవాలి.

"దేశానికి నేను కాపలా, నాకు నీ పురుగులు కాపలా" అని నవ్వేవాడు.

కడపటిసారి చెప్పకుండా వచ్చినాడు, ఒక్క రాత్రి ఉండి పోదామని. పురుగులు అప్పుడే పండుబారి, గూళ్లు కట్టడానికి చంద్రికెలనే వెదురు తడికెల మీదికి పాకుతుండాయి. పంటంతా ఆ పూటలోనే ఉంటుంది. నేత్రావతి గడపకు అడ్డంగా నిలబడింది.

"స్నానం చేసినా నీ వాసన పోలేదు. పంపుషెడ్డులోనే పండుకోప్పా ఈ పొద్దు."

"సరే కమాండరమ్మా" అని సెల్యూట్ కొట్టి, చాప చంకన పెట్టుకొని పోయినాడు. కూడు మునివెంకటమ్మే మోసుకుపోయి పెట్టింది.

తెల్లారి బస్సెక్కి కిటికీలోంచి అన్నాడు. "ఈసారి పురుగులు లేనప్పుడు వస్తాలే."

"పురుగులు లేని నెల యాడుండాది మనింట్లో?" అని ఈమె ఎగతాళి చేసింది. బస్సు కదిలింది. వాళ్లిద్దరి మాటల్లో అదే ఆఖరిది.

విశాఖలో, ఒడ్డు మీదే, పొద్దున డ్యూటీకి పోతూ గుండె పట్టుకొని కూలబడినాడంట. తెల్లబట్టలవాళ్లు జెండా కప్పి తెచ్చినారు. అప్పుడు కూడా ఇంట్లో పురుగులున్నాయి. శవపెట్టెను వాకిట్లోనే దించినారు. ఎవరూ తప్పనలేదు, ఆనవాయితీ అదే.

కర్మ ముందురోజు అతని ట్రంకుపెట్టె వచ్చింది. పోయినాయన గుడ్డలు చెరువుగట్టున వదిలెయ్యాలని మునివెంకటమ్మ మూట కట్టసాగింది. నేత్రావతి ఒక్కొక్కటి ముక్కు కాడ పెట్టుకొని చూసింది. పాపం, ఎవరో మంచి మనసుతో అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి పంపినారు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అడుగున ప్లాస్టిక్ కవరులో నీలం పనిచొక్కా ఒకటి మిగిలింది. దాన్ని ఉతకడం మరిచినట్టున్నారు.

విప్పంగానే డీజిలు గుప్పుమంది.

చొక్కాను గుండెకు అదుముకొని ఆమె లేచింది. పంపుషెడ్డు వైపు పోలేదు. నడింట్లోకి నడిచింది. తట్టల్లో పురుగులు వానచినుకుల చప్పుడుతో ఆకు కొరుకుతుండాయి. వాటి పక్కనే, తాను రోజూ పండుకునే చోట చొక్కా పరిచింది.

మునివెంకటమ్మ గడప కాడికి పరిగెత్తి వచ్చింది. "అయ్యో, ఏం పని చేస్తాండావే? పంట పోతాది కదే!"

"పోనీ అత్తా" అంది నేత్రావతి. "ఈ ఒక్క పంట పోనీ. ఆయప్పను ఒక్క రాత్రి ఇంట్లో పండుకోనీ."

కాసేపటికి తట్టల్లో చప్పుడు సన్నగిల్లింది. ముసలామె లోపలికొచ్చి, చొక్కా తల దిక్కున ఒక దిండు పెట్టి, తలుపు దగ్గరికి వేసింది.