మా కంప్యూటర్ పలకని రోజు

మొన్న ఒక పెండ్లి విందులో మా బావ, అంటే మా ఆయన అన్న, తన పక్కన కూర్చున్నవాళ్లకు పాత ముచ్చట ఒకటి చెబుతున్నాడు. "గప్పట్ల మా తమ్మునింట్ల కంప్యూటర్ ఖరాబైతే నేనే దగ్గరుండి బాగు చేయించిన" అన్నాడు. నేను ఎదురు వరుసలోనే ఉన్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అక్కడికక్కడే లేచి జరిగింది చెబుదామనుకున్నాను గానీ, పెండ్లివాళ్ల మొహం చూసి ఊరుకున్నాను. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మేము కల్వకుర్తిలో కిరాయికి ఉండేవాళ్లం. గోడ అవతలి ఇంట్లో ఒక ముస్లిం ఆమె ఉండేది, ఆమెను నేను ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. నాకంటే పెద్దది, నన్ను చెల్లె అని పిలిచేది. ఆమెకు ఉర్దూ టైపు వచ్చు, నాకు తెలుగు టైపు వచ్చు. ఇద్దరం కలిసి పెండ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు చేసిద్దామనుకున్నాం. తయారుగా దొరికే కంప్యూటర్ మా శక్తికి మించింది కాబట్టి, హైదరాబాద్ బస్సెక్కి సామాను విడివిడిగా తెచ్చుకొని, మా ముందుగదిలో చాప పరిచి మేమే బిగించాం. ఆపా ప్రతి స్క్రూ తిప్పే ముందు బిస్మిల్లా అనేది. స్క్రూ జారితే దొరకబుచ్చుకోవడానికి నేను కొంగు పట్టుకొని కూర్చునేదాన్ని. మొదటిసారి ఫ్యాను తిరిగి తెర వెలిగినప్పుడు ఆపా లేచి వెళ్లి సేమ్యా వండుకొచ్చింది. పని కూడా బాగానే రాసాగింది. బావకు మాత్రం అది గిట్టలేదు. తన ఊరు కోస్గి నుంచి వచ్చినప్పుడల్లా ఆ డబ్బాను ఇంట్లో దూరిన పరాయి మనిషిని చూసినట్టు చూసేవాడు. నాతో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, నాకు చెప్పవలసింది తమ్ముడికే చెప్పేవాడు.

ఒకసారి మా ఇంట్లో చుట్టాలు కూడారు. వాళ్లను కూర్చోబెట్టడానికి అన్నదమ్ములిద్దరూ ముందుగది ఖాళీ చేసి కంప్యూటర్‌ను మూలకు జరిపారు. నేను వంటింట్లో ఉన్నాను. మర్నాడు పొద్దున ఆపా వచ్చింది. ఆమె చెల్లెలి బిడ్డ నిఖా పత్రిక ఆ రోజే అచ్చుకు పోవాలి. మీట నొక్కాను. దీపం వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. మళ్లీ మళ్లీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

చుట్టాలు వెళ్లినా బావ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు. చాయ్ తాగుతూ అంతా చూశాడు. "ఆడోళ్లు బిగిస్తే గిట్లనే అయితది" అన్నాడు మా ఆయనతో. "సాయంత్రం బస్సుల నేను తీస్కపోత. కోస్గిల మనోడొకడున్నడు, ఎంతకో అంతకు తీస్కుంటడు. ఆమెను జర ఇల్లు సూస్కొమ్మను." మా ఆయన సరేనని తల ఊపాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది. ఆ డబ్బా ఒకసారి కోస్గి బస్సెక్కితే తిరిగి రాదని, దానితో పాటే మా పని కూడా పోతుందని నాకు తెలుసు.

"జర సబర్ జెయ్ చెల్లె" అంది ఆపా. "కరెంటు ఏడిదాంక వస్తాందో ముందుగాల అది సూద్దాం."

గోడ ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టి చూశాం. కరెంటుంది. తెర వెనకాల వైరు పీకి డబ్బాకు పెట్టాం. పలకలేదు. పక్క రేకు విప్పి, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాం. అయినా పలకలేదు. లోపల అన్నిటికీ కరెంటు పంచే ఎస్ఎంపీఎస్‌ను విడదీసి, దాని ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ కాగితాల క్లిప్పు వంచి కలిపాం. దాని ఫ్యాను గిర్రున తిరిగింది. అంటే అది బాగానే ఉంది. అన్నీ మళ్లీ తగిలించి, మీట నుంచి వచ్చే సన్న వైరును మదర్ బోర్డు మీద నుంచి పీకేసి, అది ఉండే రెండు ముళ్లకు స్క్రూడ్రైవర్ మొన ముట్టించాను. కంప్యూటర్ లేచింది. తెర వెలిగింది. పాడైంది ఆ మీట ఒక్కటే.

ఆపా ముందరి ప్లాస్టిక్ డొప్ప విప్పింది. మీట వైరు డొప్ప అంచు కింద నలిగి తెగిపోయి ఉంది. డొప్పను పట్టి ఉంచే కొక్కెం విరిగింది. విరిగిన చోట ఇంకా దుమ్ము కూడా పట్టలేదు. "గిది మనం జేసింది గాదు" అంది ఆపా.

బావ చాయ్ తాగేసి బయటికి పోయాడు. గడప దగ్గర నిలబడ్డ మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు. "నిన్న జరిపేటప్పుడు డొప్ప అన్న చేతికి ఊడొచ్చింది. గుద్ది పెట్టిండు."

"మరి పొద్దటిసంది ఎందుకు చెప్పలే?"

"అన్న ముందర ఎట్ల చెప్త?"

ఆ మీట పక్కనే ఉండే చిన్న రీస్టార్ట్ మీట వైరును పీకి ఆ ముళ్లకు తగిలించాం. ఆ తరువాత మా కంప్యూటర్ ఎప్పుడూ ఆ చిన్న మీటతోనే లేచేది. నిఖా పత్రిక పూర్తయింది, అచ్చుకు పోయింది. ఆపా వెళ్లాక నేను బావ ఎదుటికి పోయి నిలబడ్డాను. "బావా, నిన్న మీ చేతుల డొప్ప ఊడింది, వైరు తెగింది. మీకు ఎరుకే. ఎరుకుండి కూడా మా మీద పెట్టిండ్రు. ఇది కోస్గి రాదు" అన్నాను. పెండ్లయినప్పటి నుంచి ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన నా వైపు చూడలేదు. "ఏదో లూజున్నట్టుంది, అయింది గద" అని తమ్ముడితోనే చెప్పి, చెప్పులేసుకొని బస్టాండుకు పోయాడు.

కొన్నాళ్లకు ఆపా, నేను బజారులో చిన్న గది తీసుకొని పని అక్కడికి మార్చుకున్నాం. తరువాత కంప్యూటర్లు మారాయి, ఇళ్లు మారాయి. మా ఆయన, నేను మంచిగానే బతికాం, ఎన్నోసార్లు పోట్లాడుకొని ఎన్నోసార్లు కలిశాం. ఏళ్లు గడిస్తే కోపం పోతుందంటారు. నాది పోలేదు. బావ మీద నుంచి మెల్లగా జరిగి, ఆ పొద్దున అన్నీ తెలిసి కూడా తల ఊపిన మనిషి మీదికి వచ్చి కూర్చుంది.