అత్త నడుము నొప్పి

నైజాం పోయిన కొత్తలో నల్లగండ్లకు కాపురానికి వచ్చాను. మా అత్తను నడుము నొప్పి ఎట్లుందని అడిగితే చాలు, నా పని ఆగిపోయేది.

"జర ఆగు బిడ్డా, చూడనీ," అని కళ్ళు మూసుకునేది. మెల్లగా ఊపిరి వదిలి, లోపలంతా వెతికి వచ్చేది. "ఎడమ దిక్కు కూసుంది. పొద్దుగాలున్నంత కోపం లేదు దానికి."

అవతల పొయ్యి మీద జొన్న గట్క అడుగంటుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఉంటే ఉందని, లేకుంటే లేదని చెప్పడానికి ఇంత తతంగమా!

ఒకరోజు ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోవడానికి మా ఆయన ఎడ్లబండి కట్టారు. అప్పుడే, నెలలు నిండకముందే నాకు పురుటి నొప్పులు మొదలయ్యాయి. బండిలో ఒక్కరికే పడుకునే చోటు. ఆయన తల్లిని అడిగారు.

"అవ్వా, నడుము ఎట్లుందే?"

"నాకేం నొప్పి లేదు. కోడల్ని ఎక్కియ్యి."

కళ్ళు మూసుకోనైనా లేదు, మహాతల్లి!